నాపరాయి మీద రాతిపట్టు

చెంచమాంబగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆమె జవాబు చెప్పేది కాదు, పని చెప్పేది. వైరాగ్యం అంటే ఏమిటని అడిగిన పెద్దమనిషి చేత పశువుల కొట్టం కడిగించింది. మనసు నిలవడం లేదని వచ్చిన ఇంకొకాయన చేత చింతపండులో గింజలు తీయించింది. ఆయన మనసు నిలిచిందో లేదో తెలియదు గానీ, ఆశ్రమానికి ఏడాదికి సరిపడా చింతపండు మాత్రం సిద్ధమైంది. నల్లమల అంచున, వాగు ఒడ్డున ఉన్న రేకుల గదులే ఆ ఆశ్రమం. అక్కడ అందరికీ ఆమె అమ్మ.

ఈ సంగతి ఓబులేశుకు తెలియక కాదు. నలభై దాటినవాడు, ఆమె దగ్గర చాలా ఏళ్ళు ఉన్నవాడు. అయినా ఆ రోజు బస్సు దిగి తిన్నగా ఆమె ముందుకు వచ్చి, చంకలోని గాజు జాడీ కింద పెట్టి అడిగేశాడు.

"అమ్మా, తప్పు నాలో ఉందా, ఆ ఊళ్ళో ఉందా?"

ఆ ఊరంటే నాపరాళ్ళ గనుల ఊరు. భక్తుడొకాయన తన పాత ఇల్లు వాడుకోమని ఇస్తే, వాగు ఒడ్డున నేర్చుకున్న మౌనాన్ని అక్కడి జనానికి నేర్పమని అమ్మ అతన్ని పంపింది. ఆశ్రమం నుంచి అలా వెళ్ళే ప్రతి శిష్యుడికీ ఆమె వాగులోంచి ఒక మొక్క తీసి ఇస్తుంది. అది నీళ్ళలో పెరిగే ఫెర్న్. మట్టిలో కాకుండా రాళ్ళను పట్టుకుని బతుకుతుంది గనుక దాన్ని రాతిపట్టు అని పిలుచుకునేవారు. వెళ్ళినచోట మొక్క బతికితే శిష్యుడు నిలిచినట్టు. మొక్క పోతే ఇల్లు మూసి తాళంచెవి తెచ్చి ఇచ్చేయాలి. అలా వెళ్ళేవాళ్ళకు ఉన్న కట్టుబాటు అదొక్కటే.

ఓబులేశు జాడీలో రాతిపట్టు ఇంకా పోలేదు, కానీ పోయేటట్టే ఉంది. ఆకులు నల్లబడి, అంచులు జావలా కరిగిపోతున్నాయి. అతని మొలలో తాళంచెవి ఉంది. ఎలాగూ ఇచ్చేయాల్సిందే, నాలుగు రోజులు ముందే ఇచ్చేస్తే అవమానం కొంత తగ్గుతుందని అతని లెక్క. ఆ ఊళ్ళో తెల్లవారుజామున ధ్యానానికి రమ్మని గడప గడపకూ తిరిగి చెప్పాడు. మొదటి వారం ఇద్దరు ముసలివాళ్ళు వచ్చారు. వాళ్ళూ గోడకు ఆనుకుని నిద్రపోయారు. ఆ తర్వాత ఎవరూ రాలేదు.

అమ్మ జాడీ ఎత్తి వెలుతురుకు పట్టి చూసింది.

"దీనికి ఏ నీళ్ళు పోస్తున్నావు?"

"మన వాగు నీళ్ళేనమ్మా. ప్రతి వారం వచ్చి ఈ డబ్బాల్లో పట్టుకుపోతున్నాను." అతను రెండు ప్లాస్టిక్ డబ్బాలు చూపించాడు.

"ఇసుక?"

"మన వాగు ఇసుకే. బస్సులో కదిలిపోకుండా లోతుగా పాతిపెట్టాను."

"మరి ఆ ఊరిది ఏముంది దీంట్లో?"

"ఏమీ లేదమ్మా. ఒక్క చుక్క కూడా తగలనివ్వలేదు," అన్నాడు ఓబులేశు. అంత దిగులులోనూ ఆ మాట చెప్పేటప్పుడు కాస్త ఛాతీ పొంగింది.

అమ్మ లేచింది. లోపలికి వెళ్ళి ఒక కత్తెర, నూలుదారం ఉండ సంచిలో వేసుకుని వచ్చింది. "పద, ఆ ఊరు చూద్దాం," అంది. డబ్బాలు నింపుకోవడానికి అతను వాగు వైపు కదిలితే, "బస్సు పోతుంది," అని కేకేసింది. గురువు కేకేశాక ఇక వాగేమిటి, నీళ్ళేమిటి. ఖాళీ డబ్బాలతోనే ఆమె వెనక నడిచాడు.

ఆ ఊళ్ళో ఇళ్ళ గోడలు నాపరాయి, ప్రహరీలు నాపరాయి, పశువుల తొట్లు కూడా నాపరాయే. చెట్ల ఆకుల మీద తెల్లటి దుమ్ము. వాళ్ళు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అమ్మ కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చుని, జాడీలోంచి మొక్కను నెమ్మదిగా పైకి లాగింది. ఇసుకలో కూరుకుపోయిన, వేళ్ళూ ఆకులూ పుట్టే లావుపాటి అడ్డకాడ సగం మేర కుళ్ళి వాసన వేస్తోంది. వేళ్ళను ఇసుకలో కప్పవచ్చు గానీ ఆ కాడకు ఎప్పుడూ నీళ్ళు ఆడుతూ ఉండాలి. అది మూసుకుపోతే మొక్కకు ఊపిరి ఆడదు. ఓబులేశు ఎంత గట్టిగా కాపాడాలనుకున్నాడో అంత లోతుగా పాతాడు.

కుళ్ళిన భాగాన్ని ఆమె కత్తిరించి పారేసింది. అంతవరకూ అతను ఊరుకున్నాడు. తర్వాత ఆమె ఆకుల మీద కత్తెర పెట్టింది.

"అమ్మా! అవి మన వాగులో పుట్టిన ఆకులు!"

"అందుకే," అంటూ ఆమె ఒక్కటీ మిగల్చకుండా కోసేసింది.

చివరికి వేలెడంత నల్లటి కాడ మిగిలింది. పొయ్యిలోకి కూడా పనికిరాని పుల్లలా ఉంది. పెరట్లోని ముక్కల కుప్పలోంచి చిన్న నాపరాయి పలక తెప్పించి, కాడను దాని మీద పడుకోబెట్టి, కందిపోకుండా నూలుదారంతో చుట్టింది. పక్కింటి మద్దమ్మ అప్పుడే గని నుంచి వస్తోంది. మోచేతుల దాకా రాతిపొడి. అమ్మ ఆమెను నీళ్ళు అడిగింది.

"మా బోరు నీళ్ళా? గొంతులో దిగేటప్పుడు గరగర అంటాయమ్మా. సామి ఈ నీళ్ళు ముట్టడు."

అమ్మ ఆ నీళ్ళు చెంబెడు తాగి, మిగతావి నీడలో ఉన్న రాతి తొట్టిలో పోయించి, పలకను అందులో దించింది. మొలలోంచి తీసి ఓబులేశు అందించబోయిన తాళంచెవిని మాత్రం తీసుకోలేదు. "మొక్క పోయినప్పుడు చూద్దాం," అని, రెండు ఖాళీ డబ్బాలూ తన చేతికి తగిలించుకుని సాయంత్రం బస్సెక్కింది.

ఓబులేశుకు ఆ రాత్రి ఏడుపొచ్చింది. గురువు చేయి విడిచేసిందనిపించింది. తెల్లారేసరికి ఆ ఏడుపు మొండితనంగా మారింది. మొక్క పోతే పోనీ, తన నిర్లక్ష్యం వల్ల మాత్రం పోకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. రోజూ తొట్టిలో సగం నీళ్ళు తీసి కొత్త బోరు నీళ్ళు పోశాడు. రాయి మీద పేరుకునే తెల్లటి పొరను వేలితో తుడిచాడు. ఎండ తిరిగితే గోనెపట్టా కట్టాడు. కాడను పైకి తీసి చూడాలని చేయి దురద పెట్టినప్పుడల్లా లేచి ఇల్లు ఊడ్చాడు. వాగు ఎన్నిసార్లు గుర్తొచ్చినా బస్సెక్కలేదు.

సాయంత్రం మద్దమ్మ గోడ మీదుగా తొంగి చూసేది. "ఏం సామీ, మీ కట్టె చిగురేసిందా?"

"వేస్తుంది."

"దానికంటే ముందు మా ఇంటి రోకలి చిగురేస్తుందిలే," అని నవ్వేది. ఆ రోకలి మాట గని దాకా పాకింది. సామి కట్టెకు నీళ్ళు పోస్తున్నాడట అని ఇద్దరు వచ్చి చూశారు. మరునాడు ఇంకొందరు వచ్చారు. చూసినవాళ్ళు వెంటనే పోకుండా ఆ చల్లటి అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చునేవారు. ఓబులేశు వాళ్ళకు తాగడానికి నీళ్ళిచ్చి, తానూ అవే తాగేవాడు. నిజంగానే గరగర అనేవి.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు. "పొద్దున రమ్మంటే ఒక్కరూ రాలేదేం?"

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఎండ ముదిరితే రాయి సెగలు కక్కుతుంది కదా సామీ. కోడి కూయకముందే మేము గనిలో ఉంటాము," అంది మద్దమ్మ. "మాపటికి రమ్మంటే రామా?"

ఏడాదిగా ఆ ఊళ్ళో ఉంటూ ఆ మాట ఎవరినీ అడగలేదు. అతనికి సిగ్గేసింది. కానీ తెల్లవారుజాము అమ్మ పెట్టిన వేళ. దాన్ని మార్చడానికి తానెవరు? చీకటి పడుతోందని దీపం వెలిగించి కూర్చున్నాడు. వాళ్ళూ మాటలు ఆపి కూర్చున్నారు. దుమ్ముపట్టిన ఆ మనుషులు అంతసేపు కదలకుండా కూర్చోగలరని అతను అనుకోలేదు. పగలంతా బండల మోతలో ఉన్నవాళ్ళకు మౌనం ఎంత ముద్దో అతనికి ఎవరూ చెప్పలేదు మరి. మరునాడూ అదే వేళకు వచ్చారు, ఆ మరునాడూ వచ్చారు.

వానలు మొదలయ్యే ముందు కాడ పక్కన ఆకుపచ్చటి ముల్లు లాంటిది లేచింది. ఓబులేశు వీధిలోకి పరుగెత్తి మద్దమ్మను కేకేశాడు. ఆమె వచ్చి చూసి నోటి మీద చేయి వేసుకుంది. చుట్టచుట్టుకున్న ఆకు విప్పుకుంది, తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. దారం కుళ్ళి ఊడిపోయేసరికి వేళ్ళు నాపరాయిని పట్టేశాయి. కానీ ఆకులు పొట్టిగా, మందంగా, ముదురు రంగులో ఉన్నాయి. వాగులోని రాతిపట్టుది పొడవాటి లేత ఆకు.

అతనికి సంతోషంతో పాటు భయం వేసింది. వేళ మారింది, ఆకు మారింది. పలకను జాడీలో పెట్టుకుని, ఆ ఊరి నీళ్ళే నింపుకుని, ఆశ్రమానికి బయల్దేరాడు.

"అమ్మా, మీరు పెట్టిన వేళ తప్పాను. సాయంత్రం కూర్చోబెడుతున్నాను. మొక్క బతికింది గానీ ఇది మన రాతిపట్టేనో కాదో చెప్పలేను," అని జాడీ ఆమె ముందు పెట్టాడు. "మీరు సరేనంటే కొన్నాళ్ళు వాగులో ఉంచుతాను. మళ్ళీ మునుపటి ఆకు వేస్తుందేమో."

అమ్మ జాడీని మళ్ళీ వెలుతురుకు పట్టి చూసింది. తర్వాత చేయి చాచింది.

"తాళంచెవి ఏదిరా?"

ఓబులేశు అలవాటుగా మొల తడుముకుని నాలుక కరుచుకున్నాడు. "మద్దమ్మకు ఇచ్చి వచ్చానమ్మా. నేను వెళ్ళేసరికి ఆలస్యమైతే మాపటికి వాళ్ళకు తలుపు తీయాలి కదా."

ఆమె నవ్వింది. జాడీ తీసి అతని చంకలో పెట్టింది.

"అయితే లే, బస్సు దాటిపోతుంది. దాన్ని మాత్రం వాగులో ముంచకు నాయనా. ఇక్కడి నీళ్ళు దానికి ఇక పడవు."