షెడ్డు మైదానంలో రేకుల మోత

హాకీ జట్టును నడిపే జయరాజు మాస్టారికి ప్రశ్న వినగానే జవాబు చెప్పే అలవాటు లేదు. "మైదానం తడిపి వచ్చి అడుగు" అనేవారు. గట్టుపల్లె జంక్షన్‌లో లోకో షెడ్డు వెనక ఉన్న ఆ హాకీ మైదానంలో పచ్చగడ్డి మొలవగా చూసినవాళ్లు లేరు. కింద ఎర్రమన్ను, పైన ఇంజన్లు ఊదిన బొగ్గునుసి. బిందెలతో తడిపితే తప్ప ఆటగాళ్ల కళ్లు తెరుచుకునేవి కావు. తడపడానికి గంటన్నర పట్టేది. ఆ గంటన్నరలో సగం ప్రశ్నలు వాటంతటవే రాలిపోయేవి. రాలని ప్రశ్నతో వచ్చినవాడికి కూడా ఆయన జవాబు చెప్పేవారు కారు. ఏదో ఒకటి చూపించి ఊరుకునేవారు.

ఆ ఏడు ఆయన శిష్యుడు కుళ్లాయప్ప అడిగిన ప్రశ్న మైదానం నాలుగుసార్లు తడిపినా రాలలేదు.

కుళ్లాయప్ప ఒకప్పుడు షెడ్డు జట్టులో ఆడినవాడు. మోకాలు చెడ్డాక మాస్టారి పక్కన బెంచీ మీద కూర్చుని, జట్టును నడపడం నేర్చుకుంటున్నాడు. ఆయన తర్వాత జట్టు అతని చేతికే వస్తుందని ఊళ్లో అందరికీ తెలుసు. అతని ప్రశ్న ఇది: "మాస్టారూ, సుంకన్న మనవాడు గదా. మనవాణ్ణి మన చేతులతో మిల్లు జట్టుకు ఎందుకిచ్చుకున్నాం?"

అడగవలసిన ప్రశ్నే. సుంకన్న షెడ్డులో బొగ్గెత్తే కూలీ కొడుకు. పదహారో ఏట కర్ర పట్టి, ఎనిమిదేళ్లపాటు షెడ్డు జట్టుకు గోలంటే తానే అన్నట్టు ఆడాడు. అటువంటివాణ్ణి ఆ ఏడు పోటీలు మొదలుకాకముందే మాస్టారు స్వయంగా ఉత్తరం రాసి, పక్క ఊరి నూలుమిల్లు జట్టుకు ఇచ్చేశారు. బదులుగా వాళ్ల గోల్‌కీపరు దస్తగిరిని తెచ్చుకున్నారు. దస్తగిరికి ముప్పై ఆరేళ్లు. ముందు పళ్లు రెండు లేవు. వాటిని పోగొట్టిన బంతి మాత్రం గోల్లోకి పోలేదని అతను గర్వంగా చెప్పుకునేవాడు.

ఊరు ఊరుకుంటుందా? స్టేషను బయట టీకొట్టు దగ్గర రోజూ ఇదే పంచాయితీ. పంచాయితీకి పెద్ద మద్దిలేటి. ఫైర్‌మన్‌గా చేరి డ్రైవరుగా దిగినవాడు. ఇంజను కూతకు పైన మాట్లాడి మాట్లాడి, ఆయన గొంతు మామూలుగా మాట్లాడటం మరిచిపోయింది.

"వజ్రమిచ్చి బొగ్గు తెచ్చినాడప్పా మీ మాస్టారు!" అనేవాడు మద్దిలేటి. "షెడ్డోళ్లకు బొగ్గు కరువొచ్చిందా?"

"సెమీఫైనలు గెలిచినాం గదన్నా," అన్నాడు ఎదుటి బెంచీ మీది కుర్రవాడొకడు. "దస్తగిరి అడ్డం పడకపోతే నాలుగు పడుతుండె."

"అడ్డం పడేదానికైతే మా ఇంట్లో ఎనుము గూడా పడతాది. సుంకన్న ఉంటే ఆ నాలుగు మనమే కొడుతుంటిమి."

"సుంకన్న ఉన్న ఎనిమిదేండ్లలో సెమీఫైనలు ఒక్కతూరన్నా దాటినామా?"

"అది మన దురదృష్టం."

"మరి ఈ ఏడు దాటింది?"

"ఇది అదృష్టం. రెండూ మాస్టారి తప్పే!"

అదృష్టమనే మాట ఎంత మంచిదో! ఎటు తిప్పితే అటు తిరుగుతుంది, ఎవరికీ అడ్డు చెప్పదు. ఈ ప్రపంచంలో సగం వాదాలు దాని మీదే నిలబడి ఉన్నాయి. సరే, కథలోకి వద్దాం.

ఫైనలు మిల్లు జట్టుతోనే పడింది. ఆ సంగతి తెలిసిన రోజు మద్దిలేటి కుళ్లాయప్పను పక్కకు పిలిచి, నాలుగు మడతల కాగితమొకటి చేతిలో పెట్టాడు. మాస్టారిని తప్పించి కుళ్లాయప్పకు జట్టు అప్పగించాలని దాంట్లో రాసి ఉంది. కింద నలభై ఒక్క సంతకాలు.

"నీదొక్కటే తక్కువ," అన్నాడు మద్దిలేటి. "ఆయన మీద నాకేం పగ లేదప్పా. సుంకన్నను మేమే ఎత్తుకొని పెంచినట్టు పెంచుకుంటిమి. మిల్లోళ్ల ఆకుపచ్చ చొక్కాలో వాణ్ణి ఎట్ల చూసేది? నువ్వే చెప్పు."

కుళ్లాయప్ప ఫైనలు అయ్యాక చూద్దామని కాగితాన్ని జేబులో పెట్టుకున్నాడు. పేరు మీద ఆశ లేదని అనలేం. దానికంటే పెద్ద బాధ, మద్దిలేటి మాటలో తనకూ తప్పు కనబడకపోవడం. మాస్టారి దగ్గర కాగితం సంగతి ఎత్తలేదు. తన ప్రశ్నే మళ్లీ అడిగాడు.

మాస్టారు కర్రకు పట్టీ చుడుతున్నారు. తలెత్తకుండానే, "ఫైనలు రోజు బెంచీ మీద నా పక్కన కూర్చోవద్దు. పోయి రేకుల దగ్గర కూర్చో," అన్నారు.

ఆ రేకుల సంగతి చెప్పాలి. పాత బొగ్గుగోదాము కప్పు పీకేసినప్పుడు మిగిలిన ఇనుపరేకులను మైదానానికి పడమటి వైపు కంచెగా పాతారు. షెడ్డు అభిమానులంతా వాటి వెనకే నిలబడేవారు. సుంకన్న ఆడిన మొదటి ఏడు, ఒక పెనాల్టీ కార్నర్‌లో, గోలుగీత మీంచి తోటివాడు తోసే బంతిని కొట్టబోతుంటే మద్దిలేటి ఆవేశం పట్టలేక అరచేత్తో రేకును మూడుసార్లు బాదాడు. మూడో దెబ్బకు బంతి గోల్లో ఉంది. అప్పట్నుంచి అది ఆచారమైపోయింది. సుంకన్న కర్ర వంచి నిలబడగానే మూడువందల చేతులు రేకుల మీద పడేవి. ఠాం, ఠాం, ఠాం. గోలు పడ్డాక సుంకన్న రేకులవైపు తిరిగి కర్ర పైకెత్తేవాడు. ఎనిమిదేళ్లలో ఈ వరస ఒక్కసారీ తప్పలేదు.

ఫైనలు నాడు మధ్యాహ్నం నుంచే రేకుల వెనక చోటు లేదు. సుంకన్న ఆకుపచ్చ చొక్కాలో దిగగానే కేకలు మొదలయ్యాయి. "మిల్లు అన్నం బాగా పట్టిందిరో!" అని ఒకడంటే, "బొగ్గు కడుక్కుంటే పోతాదనుకున్నావేమిరా?" అని ఇంకొకడు. అందరికంటే పెద్ద గొంతు మద్దిలేటిది. సుంకన్న ఇటు చూడలేదు. దస్తగిరి అతన్ని రెండుసార్లు ఆపాడు. ఒకసారి పొట్టతో, ఒకసారి దేనితోనో తనకే తెలియదు. ఇదివరకు బంతి దొరికితే సుంకన్న కోసం వెతికే షెడ్డు పిల్లలు, ఇప్పుడు ఎవరికి వాళ్లు గోలువైపు పరుగెత్తుతున్నారు. అది కుళ్లాయప్ప మొదటిసారి గమనించాడు. బెంచీ మీద ఉంటే కాళ్లు కనబడేవి. ఇక్కణ్ణుంచి మైదానమంతా కనబడుతోంది.

ఆట ముగిసే ఈల పడబోతోంది. చెరొక గోలు. అప్పుడు మిల్లు జట్టుకు పెనాల్టీ కార్నర్ దొరికింది.

సుంకన్న వచ్చాడు. అరచేతుల్లో ఉమ్మి, నిక్కరుకు తుడుచుకుని, కర్ర వంచి నిలబడ్డాడు.

ఠాం. ఠాం. ఠాం.

ఎవరు మొదలుపెట్టారో తెలియదు. మూడువందల చేతులూ ఒక్కటిగా పడ్డాయి. వాటిలో కుళ్లాయప్ప చెయ్యి కూడా ఉంది. మూడో దెబ్బ మోగుతుండగానే బంతి వచ్చింది. బాదుతాడనుకుని దస్తగిరి కుడివైపు పడ్డాడు. సుంకన్న బాదలేదు. మణికట్టు తిప్పి, ఎడమవైపు నేలబారుగా పంపాడు. షెడ్డులో ఉన్నప్పుడు అతనికి రాని దెబ్బ అది. గోలు వెనక చెక్క టంగుమంది.

"సుంకన్నా!" అంటూ రేకుల వెనక జనమంతా గాల్లోకి ఎగిరారు.

కిందికి దిగేసరికి తెలిసింది. తాము ఓడిపోయారు.

మైదానంలో సుంకన్న కూడా అలవాటు కొద్దీ రేకులవైపు తిరిగి కర్ర ఎత్తేశాడు. ఎత్తాక గుర్తొచ్చింది. ఎత్తిన కర్ర అక్కడే ఆగిపోయి, మెల్లగా దిగసాగింది. రేకుల వెనక ఎత్తిన చేతులు కూడా దిగిపోయాయి. షెడ్డులో ఒక ఇంజను ఆవిరి వదులుతున్న చప్పుడు మాత్రం వచ్చింది.

అప్పుడు మద్దిలేటి చెయ్యెత్తాడు. ఠాం. ఒంటరి దెబ్బ. పక్కవాళ్లు ఆయన ముఖం చూశారు. ఠాం. ఈసారి పదిమంది కలిశారు. మూడో దెబ్బకు కంచెలో మోగని రేకు లేదు. మైదానం మధ్యలో సుంకన్న కర్రను మళ్లీ ఎత్తాడు. రెండు చేతులతో, తలకంటే పైకి.

"ఆ దెబ్బ చూసినావా కుళ్లాయప్పా?" మద్దిలేటి గొంతు మొదటిసారి చిన్నగా పలికింది. "జిల్లాలో ఇంకెవరికన్నా వస్తాదా ఆ దెబ్బ? మనోడప్పా! మన బొగ్గులో పుట్టినోడు!" ఆయన అరచెయ్యి రేకు అంచుకు తెగి రక్తం కారుతోంది. "ఆ కాగితం ఇట్లియ్యి," అన్నాడు. కుళ్లాయప్ప ఇచ్చాడు. నలభై ఒక్క సంతకాల కాగితాన్ని ఆయన గాయం మీద అదిమి, పిడికిలి మూసుకున్నాడు. ఆ కాగితం గురించి మళ్లీ ఎవరూ మాట్లాడలేదు.

జనం వెళ్లిపోయాక కుళ్లాయప్ప బెంచీ దగ్గరికి వచ్చాడు. మాస్టారు బంతులు ఏరి గోనెసంచిలో వేసుకుంటున్నారు. ఓడిన మనిషిలా లేరు. దూరంగా సుంకన్న, దస్తగిరి ఒకే బిందె నీళ్లు తాగుతున్నారు.

"మాస్టారూ, రేకులు కొట్టాం," అన్నాడు కుళ్లాయప్ప, తప్పు ఒప్పుకుంటున్నవాడిలా.

"విన్నాను. మొదటి మూడు దెబ్బలూ పొరపాటు," అన్నారు మాస్టారు. "తర్వాతి మూడూ?"

కుళ్లాయప్ప వంగి చివరి బంతి ఏరి సంచిలో వేశాడు. మాస్టారు సంచి మూతికి ముడివేసి అతని భుజాన పెట్టారు.

"పొద్దున వచ్చేటప్పుడు సుత్తి తీసుకురా. రేకులన్నీ సొట్టలు పడి ఉంటాయి. సరిచెయ్యాలి. వచ్చే ఏడు ఈ పిల్లల్లో ఇంకొకడికి కావాలి."