రెండో గోల్‌కీపర్

జట్టు గెలిచిన రోజున లుండుప్‌కి తిండి సహించేది కాదు.

ఆ చలికాలం జట్టు గెలుస్తూనే ఉంది. అంచేత ఆ చలికాలమంతా అతను కడుపునిండా తిన్నది లేదు.

లేహ్‌లో చలికాలమంటే మంచు హాకీ కాలం. నీళ్ళు పోసి గడ్డకట్టించిన మైదానం మీద, బూట్ల కింద ఇనుప పట్టీలతో జారుతూ ఆడతారు. బంతి ఉండదు. మినపగారె అంత నల్లటి రబ్బరు బిళ్ళ ఉంటుంది. గట్టివాడు కర్రతో కొడితే అది కంటికి ఆనదు. వల ముందు నిలబడి దాన్ని ఒంటితో ఆపేవాడు గోల్‌కీపర్.

లుండుప్ ఏడేళ్ళు అలా నిలబడ్డాడు, షాన్ జట్టుకి. షాన్ అంటే మంచు చిరుత. ఆ కొండల్లో జీతాలిచ్చి ఆడించే జట్లు ఆరు ఉంటే, షాన్‌ది ఏటా నాలుగో స్థానమో అయిదో స్థానమో. ఓడి వచ్చిన రోజున కూడా బజార్లో జనం, "లుండుప్ లేకపోతే ఇంకెన్ని పడేవో!" అనేవాళ్ళు. ఆ ఒక్క మాట అతనికి కప్పుతో సమానం.

ముప్పై నాలుగో ఏట మోకాలు మెలితిరిగింది. అతని చోటులోకి తర్చిన్ అనే ఇరవై ఏళ్ళ కుర్రాడొచ్చాడు. చాంగ్‌తాంగ్‌లో మేకలు కాసుకునే ఇంటివాడు. గడ్డకట్టిన చెరువు మీద, తండ్రి పాత కోటు ముక్కలు కాళ్ళకి చుట్టుకుని ఆట నేర్చినవాడు. పెద్దగా మాట్లాడడు. లుండుప్‌ని "ఆచో" అని పిలుస్తాడు. అన్నా అని అర్థం.

మొదటి ఆట గెలిచారు. రెండోది గెలిచారు. అయిదు ఆటలయ్యేసరికి పిల్లలు గోడల మీద బొగ్గుతో తర్చిన్ పేరు రాస్తున్నారు.

అప్పటికి లుండుప్ మోకాలు బాగైపోయింది. డాక్టరు ఆడొచ్చన్నాడు. లుండుప్ పరుగులాంటి నడకతో కోచ్ దగ్గరికి వెళ్ళాడు.

కోచ్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "గెలిపిస్తున్న చెయ్యిని మార్చలేను లుండుప్. నువ్వు రెండో గోల్‌కీపర్‌వి. సిద్ధంగా ఉండు."

సిద్ధంగా ఉండటమంటే బెంచీ చివర ఒంటినిండా తొడుగులు వేసుకుని కూర్చోవడం. కూర్చుని, తన చోటులో ఇంకొకడు నిలబడితే చూడటం.

పది ఆటల్లో షాన్ తొమ్మిది గెలిచింది. ఎన్నడూ లేనిది, చివరి పోటీకి చేరింది. ఓడిన ఆ ఒక్కటీ నుబ్రా జట్టు మీద. ఆ రోజు మాత్రం లుండుప్ రెండు గిన్నెల తుక్పా పులుసు వేడివేడిగా తాగి, మూడోది కూడా పోయించుకున్నాడు.

చివరి పోటీ మళ్ళీ నుబ్రాతోనే. ఇంకా నాలుగు రోజులుందనగా లుండుప్ కొండెక్కి మఠానికి వెళ్ళాడు.

అక్కడ యొంతన్ అనే ముసలి సన్యాసి ఉంటారు. ఎనభై రెండేళ్ళు. లుండుప్ చిన్నప్పుడు మూడేళ్ళు ఆయన దగ్గరే అక్షరాలు దిద్దాడు. గురువుని ఆ ప్రాంతంలో గెన్‌లా అంటారు. ఏ కష్టం వచ్చినా లుండుప్‌కి ఆ మెట్లెక్కడం అలవాటు.

గెన్‌లా పొయ్యి పక్కన కూర్చుని బార్లీ గింజల్లో రాళ్ళు ఏరుతున్నారు. లుండుప్ తెచ్చిన వెన్నముద్ద పక్కన పెట్టి, తనూ కూర్చుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టాడు.

"మీ వాళ్ళు గెలుస్తున్నారట కదా," అన్నారు గెన్‌లా.

"గెలుస్తున్నారు."

"ఆ కొత్త కుర్రాడు ఎలా ఆడుతున్నాడు?"

"అదృష్టం ఉంది వాడికి."

గెన్‌లా ఒక రాయి ఏరి పళ్ళెంలో వేశారు.

"గెన్‌లా," అన్నాడు లుండుప్. "ఏడేళ్ళు పళ్ళు రాలగొట్టుకున్నాను ఆ వల ముందు. ఈ రెండు పళ్ళూ కట్టుడువే. ఏడేళ్ళలో ఒక్కసారి కూడా చివరి పోటీ చూడలేదు. నేను పక్కకి తప్పుకోగానే తొమ్మిది గెలిచారు. అంటే ఏమిటి? ఇన్నాళ్ళూ నేనే వాళ్ళకి అడ్డమా?"

గెన్‌లా ఇంకో గుప్పెడు గింజలు ముందుకి లాక్కున్నారు.

"ఇంకోటి చెప్తాను. ఎవరికీ చెప్పలేదు. ఎనిమిదో ఆటలో బిళ్ళ వచ్చి తర్చిన్ గొంతు దగ్గర తగిలింది. పడిపోయాడు. అందరూ అయ్యో అంటూ పరిగెత్తారు. నా చెయ్యి హెల్మెట్ మీదికి పోయింది గెన్‌లా. వాడు బతికున్నాడో లేదో చూడకుండానే తలకి పెట్టేసుకుంటున్నాను. వాడు లేచి నిలబడ్డాడు. జనం చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చింది. వాడు లేచినందుకు."

బయట ఎవరో పెరట్లో మంచు తోస్తున్నారు. గెన్‌లా ఏరిన గింజల్ని సంచిలో పోసి మూతి కట్టారు.

"చివరి ఆట ఎప్పుడు?"

"ఆదివారం మధ్యాహ్నం."

"నేనూ వస్తాను. నన్ను తీసుకుపో."

లుండుప్ ఆశ్చర్యపోయాడు. గెన్‌లా కొండ దిగి మూడేళ్ళయింది. ఆట అన్నది ఆయన జన్మలో చూడలేదు.

శనివారం సాయంత్రం సాధన అయ్యాక, బూట్లు విప్పుతున్న లుండుప్ దగ్గరికి తర్చిన్ వచ్చి నిలబడ్డాడు.

"ఆచో, ఆ మెహదీ ఎలా కొడతాడు? పోయినసారి నాకు అందలేదు. మూడు గోల్సూ అతనే కొట్టాడు."

మెహదీ నుబ్రా జట్టు కెప్టెన్. ఆ కొండల్లో అంత మోసకారి దెబ్బ కొట్టేవాడు ఇంకొకడు లేడు. కళ్ళు ఒకవైపు, బిళ్ళ ఇంకోవైపు. అతని చేతిలో గోల్స్ తినీ తినీ, లుండుప్ ఒక రహస్యం కనిపెట్టాడు. ఆ రహస్యం కోచ్‌కి కూడా చెప్పలేదు.

"ఆడుతుంటే నీకే తెలుస్తుంది," అన్నాడు లుండుప్, బూటు తాడు మీంచి కళ్ళెత్తకుండా.

"సరే ఆచో," అని తర్చిన్ వెళ్ళిపోయాడు. ఆ కుర్రాడు కాస్త కోపంగా చూసి ఉంటే లుండుప్‌కి ఆ రోజు నిద్ర పట్టేది.

ఆదివారం ఎండ కాసింది కానీ వేడి లేదు. మైదానం చుట్టూ కొండవాలు మీద దాకా జనమే. ఆటగాళ్ళ బెంచీ మీద బయటివాళ్ళు కూర్చోకూడదు. అయితే గెన్‌లా తిన్నగా వచ్చి, లుండుప్ పక్కన దుప్పటి మడత వేసుకుని కూర్చున్నారు. ఎనభై రెండేళ్ళ సన్యాసిని లేవమనే ధైర్యం రిఫరీకీ లేకపోయింది, కోచ్‌కీ లేకపోయింది.

ఈల మోగింది.

మొదటి నిమిషంలోనే నుబ్రావాళ్ళు మీదపడ్డారు. బిళ్ళ నేలబారుగా దూసుకొచ్చింది. తర్చిన్ కాలు చాపి ఆపాడు. జనం హోరుమన్నారు. లుండుప్ దవడ బిగుసుకుంది.

మళ్ళీ వచ్చింది. ఈసారి చేత్తో పట్టాడు. గాలిలో ఎగిరి పిట్టని పట్టినట్టు పట్టాడు. "తర్చిన్! తర్చిన్!" అని పిల్లలు బెంచీ వెనక రేకుల్ని బాదుతున్నారు. ఒకప్పుడు అవే రేకుల మీద లుండుప్ పేరు మోగేది.

మధ్యలో ఒకసారి లుండుప్ పక్కకి చూశాడు. గెన్‌లా ఆట చూడటం లేదు. ఇటు తిరిగి కూర్చుని, తన ముఖంలోకే చూస్తున్నారు. దుప్పటి కింద వేళ్ళ మధ్య జపమాల కదులుతోంది.

"అటు చూడండి గెన్‌లా. ఆట అటు జరుగుతోంది."

"నువ్వు చూడు," అన్నారు గెన్‌లా. కళ్ళు తిప్పలేదు.

మెహదీ ఒక గోల్ కొట్టాడు. షాన్‌వాళ్ళు దాన్ని సమం చేశారు. రెండో భాగంలో మెహదీ ఇంకోటి కొట్టాడు. రెండుసార్లూ తర్చిన్ ఎడమకి దూకాడు, బిళ్ళ కుడివైపు పోయింది. దూకకముందే లుండుప్‌కి తెలుసు అది ఎటు పోతుందో. బెంచీ మీద కూర్చున్న చోటు నుంచే తెలుసు. షాన్‌వాళ్ళు పంతం పట్టి రెండోది కూడా తిరిగి కొట్టారు. రెండూ రెండూ. ఈల.

ఇక మిగిలింది మూడో భాగం. దానికి ముందు పావుగంట విశ్రాంతి. ఆటగాళ్ళు రొప్పుతూ రేకుల షెడ్డులోకి వెళ్ళారు. లుండుప్ కదల్లేదు.

మైకులో ఎవరో లెక్కలు చదువుతున్నారు. "షాన్ గోల్‌కీపర్ తర్చిన్ ఇప్పటికి ఆపినవి ఇరవై మూడు!" జనం ఈలలు వేశారు.

ఏదో ఒకటి మాట్లాడాలని లుండుప్ అన్నాడు: "జపం బాగా సాగిందా గెన్‌లా?"

"జపం చెయ్యలేదు. లెక్కపెట్టాను."

గెన్‌లా దుప్పటి కింద నుంచి చెయ్యి బయటికి తీశారు. మాలలో ఒక పూస దగ్గర బొటనవేలు ఆగి ఉంది. చలికి ఆ వేలు నల్లేరు ముక్కలా మొద్దుబారిపోయింది. ఇంతసేపూ ఆ చెయ్యికి తొడుగు కూడా లేదని లుండుప్ అప్పుడు చూశాడు.

"అదిగో ఆ వలలో రెండు పడ్డాయి," అన్నారు గెన్‌లా. "నీలో పడ్డవి ఇరవై మూడు."

అంతే. మాల తీసి సంచిలో వేసుకున్నారు.

లుండుప్ ఎదురుగా ఉన్న ఖాళీ మైదానాన్ని చూస్తూ కూర్చున్నాడు. ఇద్దరు మనుషులు గొట్టంతో నీళ్ళు చల్లి మంచు మీది గీతలు మాన్పుతున్నారు. నీళ్ళు పడ్డచోట పొగ లేచి, చూస్తుండగానే బిగుసుకుంటోంది. ఏడేళ్ళు ఒంటి మీద వేసుకున్న తొడుగులు అతని ఒంటి మీదే ఉన్నాయి. ఛాతీకి, భుజాలకి, మోకాళ్ళకి. ఏవీ దేన్నీ ఆపలేదు.

లేచాడు. నాలుగడుగులు వేసి ఆగాడు. వెనక్కి వచ్చాడు. కూర్చోలేదు. మళ్ళీ బయల్దేరాడు.

షెడ్డులో తర్చిన్ ఒక మూల తడి గ్లవ్స్ ఒళ్ళో పెట్టుకుని నేల వైపు చూస్తున్నాడు. ఎవరో టీ ఇస్తే పక్కనే చల్లారిపోయి ఉంది. లుండుప్ అతని ముందు గొంతుక్కూర్చున్నాడు. బాగైన మోకాలే అయినా కలుక్కుమంది.

"మెహదీ కళ్ళు చూడకు. భుజాలు చూడకు. రెండూ అబద్ధం చెప్తాయి," అన్నాడు. "ఎడమ బూటు ముక్కు చూడు. అది బయటికి తిరిగిందా, బిళ్ళ నీ కుడిచేతి మీదికి వస్తుంది. తిరక్కపోతే ఎడమకి."

తర్చిన్ తలెత్తాడు. "ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

"ఎప్పుడు కనిపెట్టావు ఆచో?"

లుండుప్ చూపు చల్లారిన టీ మీదికి పోయింది. "నాలుగేళ్ళయింది."

తర్చిన్ అతని వైపు చూశాడు. నిన్న సాయంత్రం సంగతి అడుగుతాడనుకున్నాడు లుండుప్. అడిగితే బాగుండుననుకున్నాడు. కుర్రాడు అడగలేదు. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి, గ్లవ్స్ తొడుక్కుంటూ, "ఏదీ, ఒకసారి చూపించు," అన్నాడు.

లుండుప్ లేచి నిలబడి, మెహదీలాగా నడుం వంచి, ఎడమ బూటు ముక్కు బయటికి తిప్పి చూపించాడు. ఒకసారి కాదు. ఈల మోగేదాకా చూపిస్తూనే ఉన్నాడు.

మూడో భాగంలో షాన్‌వాళ్ళు మూడో గోల్ కొట్టారు. ఇంక నుబ్రాకి ఒకటే దారి. బిళ్ళ మెహదీకి అందించడం. చివరి నిమిషంలో అందించారు.

మెహదీ మైదానం సగం నుంచి ఒంటరిగా వచ్చాడు. అడ్డం వెళ్ళినవాళ్ళిద్దరూ చెరోపక్కకి జారిపోయారు. అతని కళ్ళు తర్చిన్ ఎడమ భుజం మీద ఉన్నాయి. అతని భుజాలు కూడా అటే వాలాయి. జనం మొత్తం అటే చూశారు.

బూటు ముక్కు బయటికి తిరిగింది.

బెంచీ మీద లుండుప్ కుడిచెయ్యి దానంతటది గాలిలోకి లేచింది. అక్కడ వల ముందు తర్చిన్ కుడిచెయ్యి కూడా లేచింది. ఠప్పుమని చప్పుడు. ఆ చప్పుడు తెలుసు లుండుప్‌కి. తోలు మధ్యలో బిళ్ళ ఒదిగిన చప్పుడు.

మంట లేవలేదని చెబితే అబద్ధం. లేచింది. ఎప్పుడూ లేచే చోటే, పొట్టకి కాస్త పైన. అది గొంతుదాకా వచ్చేలోపే అతని నోట్లోంచి కేక వచ్చేసింది. "పట్టాడ్రా! పట్టాడు!" అని అరుస్తూ లేచి నిలబడ్డాడు. బెంచీ మీదున్నవాళ్ళందరి కంటే ముందు లేచాడు. వెనక రేకులు దడదడ మోగాయి. మంచు మీద, తర్చిన్ బిళ్ళ పట్టుకున్న చెయ్యి ఇంకా దించకుండా, తల తిప్పి బెంచీ వైపు చూశాడు.

లుండుప్‌కి గొంతు బొంగురుపోయింది. కళ్ళు చెమర్చాయో, చలిగాలికి నీరు కారాయో, అతనికే తెలియలేదు. పక్కకి తిరిగాడు.

"గెన్‌లా, చూశారా నన్ను?"

గెన్‌లా అతని వైపు చూడటం లేదు. మెడ చాపి, అతని నడుం పక్కనుంచి మైదానంలోకి తొంగిచూస్తున్నారు.

"పక్కకి జరుగు," అన్నారు. "ఆట కనబడటం లేదు."