మిట్టమధ్యాహ్నం కట్టేసిన పడవ

అనగనగా గోదారి నడుమ ఒక లంక ఉండేదిరా చిట్టీ. చుట్టూ నీళ్ళే. ఆ లంకలో నూకాలు అని ఒకావిడ పడవ నడిపేది. ఊరికంతటికీ ఉన్నది ఆ ఒక్క పడవే. పెనిమిటి పోయాక పడవ నెట్టే గడ తనే పట్టింది.

తెల్లారేసరికి ఈ ఒడ్డు నుంచి ఒక కేక. వాళ్ళని దించేలోపు ఆ ఒడ్డు నుంచి ఇంకో కేక. కూరగాయల తట్టలు, బడిపిల్లలు, పురిటికి పోయే ఆడవాళ్ళు. "ఇదిగో, వస్తున్నా" అనడమే గానీ, రాలేనని ఒక్కనాడూ అనలేదు. అన్నం కూడా పడవలో నిలబడే తినేది.

అట్లా ఏళ్ళు గడిచాయి. అప్పుడు మొదట నూకాలుకి నవ్వు పోయింది. ఆ తర్వాత ఆకలి పోయింది. ఆ తర్వాత కంటికి నిద్ర కూడా దూరమైంది. ఒళ్ళంతా తడి ఇసుక నింపినట్టు బరువు. ఎవరు పిలిచినా లోపల్లోపల విసుక్కునేది. విసుక్కున్నందుకు మళ్ళీ తనకే ఏడుపొచ్చేది.

ఒకనాడు సాయంత్రం బడి వదిలాక పడవ నిండా పిల్లలు. గడ వేస్తూ వేస్తూనే నూకాలు నిలబడి కునికింది. గడ చేజారి నీళ్ళలో పడింది. పడవ సుడి వైపు తిరిగింది. పిల్లల అరుపులకు ఉలిక్కిపడి, తెడ్డు అందుకుని, ఎలాగో ఒడ్డుకు చేర్చింది. ఏ బిడ్డకీ ఏమీ కాలేదు. ఆవిడ మాత్రం ఇసుకలో కూలబడిపోయింది.

ఆ తర్వాత మూడు రోజులు మంచం దిగలేదు. నాలుగో రోజు కాస్త తేలికపడి మళ్ళీ పడవెక్కింది. వారం తిరక్కుండానే అదే బరువు, అదే తూగు.

అప్పుడు పక్కింటి అప్పాయమ్మ మామ్మ గంజి తెచ్చి దగ్గర కూర్చుంది. "కూలిపోయాక పడుకుంటే ఏం లాభమే తల్లీ? కూలకముందే రోజూ కాసేపు ఆగు" అంది.

"ఒడ్డున నిలబడి పిలుస్తారు గదా మామ్మా" అంది నూకాలు.

"పిలవనీ" అంది మామ్మ.

మర్నాడు నూకాలు రెండు రేవుల్లోనూ చెప్పింది, పొద్దు నడినెత్తికొస్తే పడవ కట్టేస్తాననీ, నీడలు సాగాకే మళ్ళీ విప్పుతాననీ. పురిటి నొప్పులకీ, పాము కాటుకీ మాత్రం ఎప్పుడైనా వస్తానంది.

మొదటి రోజు అరటితోట ఆసామి అవతలి ఒడ్డున నిలబడి ఒకటే కేకలు. పాకలో పడుకున్న నూకాలు ఉండబట్టలేకపోయింది. లేచి వెళ్ళి పడవ తాడు పట్టుకుంది. పట్టుకుని, వదిలేసి, వచ్చి మళ్ళీ పడుకుంది. కునుకు రాలేదు. రెండో రోజు బడి పంతులుగారు సణిగారు. ఆవేళా కునుకు రాలేదు. మూడో రోజు ఎవరేమన్నారో ఆవిడకు తెలీదు. నిద్రపోయింది.

రానురాను జనం ఆ వేళ చూసుకుని బయల్దేరడం నేర్చుకున్నారు. ఆసామి కూడా గొడుగు కింద చేరి గురక పెట్టేవాడు.

నూకాలు అలసట పూర్తిగా పోలేదురా. ఇన్నేళ్ళది, అంత తొందరగా పోతుందా? పొద్దువాలేసరికి భుజాలు లాగేవి. కానీ పడుకుంటే తెల్లారేసరికి తగ్గేవి. ఒకరోజు పిల్లల్ని దింపుతుంటే, ఓ చిన్నపిల్ల ఆవిడ వేలు పట్టుకుని వదల్లేదు. నూకాలు విసుక్కోలేదు. దాన్ని చంకనేసుకుని ఇంటిదాకా దింపింది. దారంతా ఏదో కూనిరాగం వినపడింది. అది తన గొంతేనని గుమ్మం దగ్గరకొచ్చాకే తెలిసింది.

కథేమో కంచి దారి పట్టె,
మన కళ్ళేమో కునుకు దారి పట్టె.