ఉంటావా అని అడిగిన రాచ్చిప్ప

ఏమర్రా, పడుకునే ముందు ఒక్క మాట చెప్పండి. మీ అందరికన్నా వయసులో పెద్ద గిన్నె మీ ఇంట్లో ఒక్కటైనా ఉందా? నోళ్ళు వెళ్ళబెట్టకండి. ఇలా దగ్గరికి జరగండి, చెప్తాను.

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో నూకరత్నం అని ఒకావిడ ఉండేది. నోరు కారం, చెయ్యి మాత్రం వెన్న. ఆవిడ దగ్గరికి అన్న కూతురు వరహాలు వచ్చింది. ఆ పిల్లకి తల్లి లేదు. తండ్రి పడవల మీద ఊళ్ళు పట్టి తిరిగేవాడు. మేనమామ ఇంట్లో కొన్నాళ్ళుంచారు, ఇంక చాల్లే అన్నారు. పెద్దమ్మ ఇంట్లో కొన్నాళ్ళుంచారు, వాళ్ళూ చాల్లే అన్నారు. అందుకని అత్త ఇంటికొచ్చాక వరహాలు తన బట్టల మూట విప్పనే లేదు. మళ్ళీ కట్టుకోవడం ఎందుకని!

నూకరత్నం ఇంట్లో ఏటా ఒక గిన్నె పోయేది. ఒకటి కారేది, ఒకటి సొట్టపడేది, ఒకటి మాడి చిల్లుపడేది. ఒకనాడావిడ విసిగిపోయి, "వరహాలూ, తీర్థం సంతలో మంచి పులుసు గిన్నె చూసి కొనుక్కురావే. ఏళ్ళ తరబడి ఉండేది కావాలి. మెరుపు చూసి మోసపోయావో, చూడు!" అంది.

చూడు అంటే పంపించేస్తాననే అనుకుంది వరహాలు.

ఆ ఊళ్ళో ఒక అలవాటుంది. ఏ గిన్నె కొన్నా వేలి కణుపుతో తట్టి, "ఉంటావా?" అని అడిగేవారు. గిన్నె మోగిన తీరే జవాబు.

వరహాలు మొదట పువ్వులేసిన మట్టికుండని తట్టింది. "ఉంటావా?" అంది. బొద్దుమంది. పోతానన్నట్టే!

ఆ తర్వాత తళతళలాడే సత్తు గిన్నెని తట్టింది. డబడబమంది. బొటనవేలితో నొక్కితే లోపలికి పోయింది. నలుగుతానన్నట్టే!

ఆ తర్వాత గోనెసంచుల చాటున నల్లగా, లోతుగా, బరువుగా ఒక రాచ్చిప్ప, అంటే రాతిని తొలిచిన గిన్నె, కనబడింది. ఎవరూ దాని వంక చూడటంలేదు. తట్టితే ఖంగుమంది. వరహాలు ముచ్చటపడి చిప్పలోకి మొహం పెట్టి, "ఉంటావా?" అంది.

"...ఉంటావా?" అంది చిప్ప.

అమ్మే ముసలావిడ పకపకా నవ్వింది. "అది నిన్నే అడుగుతోందే బుజ్జీ! చెప్పు మరి!"

వరహాలు చిప్ప అంచు తడిమింది. "నాకేం తెలుసు? అత్తనడగాలి" అంది.

అప్పుడు డబ్బులిచ్చి దాన్ని నెత్తిన పెట్టుకుని, మెడ నొప్పెడుతున్నా ఆగకుండా ఇంటికొచ్చింది. అత్త ఏటికెళ్ళింది. అత్త వచ్చేసరికి పులుసు కాచి మెప్పిద్దామని పిల్ల ఆరాటం. పొయ్యి భగ్గున రాజేసి చిప్పని ఎక్కించింది. టప్‌మంది. అంచు దగ్గర బీట!

నూకరత్నం వచ్చేసరికి వరహాలు మూట చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎక్కడికే?"

"బీట పడింది అత్తా. నేను వెళ్ళిపోతాను."

నూకరత్నం చిప్పని చూసింది. మూటని చూసింది. ఇన్నాళ్ళూ ఆ మూట ముడి అలాగే ఉందని ఆవిడకి అప్పుడే తెలిసింది.

"ఓసి నా పిచ్చిదానా! వెంట్రుకంత బీటకి పారేస్తారటే? కొత్త రాయి ఒక్కసారిగా పెద్ద మంటకి ఓర్చుకోలేదు. ఆముదం రాయాలి, పసుపు రాయాలి, గంజి పోసి ఉంచాలి. మెల్లగా మన పొయ్యికి అలవాటు పడుతుంది. అలవాటు పడనివ్వాలి. రా లోపలికి."

ఇద్దరూ కూచుని ఆముదం రాశారు. ఆ తర్వాత పసుపు రాశారు. ఆ తర్వాత రోజూ గంజి పోశారు, సన్నటి సెగ చూపించారు. బీట గంజి పీల్చుకుని గట్టిపడింది, అంగుళం కూడా సాగలేదు.

అప్పుడొకనాడు అత్త చూడకుండా వరహాలు చిప్పలోకి మొహం పెట్టి, మెల్లిగా, "ఉంటాను" అంది.

"...ఉంటాను" అంది చిప్ప.

ఆ సాయంత్రమే పిల్ల మూట విప్పి, గౌన్లన్నీ దండెం మీద వేసుకుంది. నూకరత్నం చూసి, "కాస్త జరిపి వెయ్యవే, నా చీరకి చోటుండొద్దూ!" అని కసిరింది. కసిరి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఇందాక మీరు వేళ్ళు నాకుతూ తిన్న పులుసు ఏ చిప్పలోదనుకున్నారు? అంచు తడిమి చూడండి, బీట ఇంకా ఉంది. వరహాలు మా అమ్మేనర్రా.

కథేమో కంచికి, చిప్పేమో పొయ్యికి, మనమేమో దుప్పట్లోకి!

తెల్లారగానే వంటింట్లోకెళ్ళి అన్నిటికన్నా పాత గిన్నెని తట్టండి. ఈసారి అమ్మతో బజారుకెళితే మెరుపు చూసి మారాం చెయ్యకండి, తట్టి అడగండి. అది తిరిగి అడిగితే మాత్రం, ఉంటామని, నిన్నూ ఉంచుకుంటామని గట్టిగా చెప్పండి.