ఎడమకే ఒరిగిన బండి

ఆ ఊళ్లో రెండు వడ్రంగివాడలు. తూర్పోళ్ల మూరకర్ర పొడుగు, పడమటోళ్లది పొట్టి. రెండు వాడల పనీ ఒకే బండికి కలిపితే అతుకు కుదరక బళ్లు బోల్తాపడి జనం కాళ్లు విరుగుతున్నాయి. మొర పెట్టుకుంటే మంత్రి భద్రపాలుడు, "రెండు మూరలూ సరైనవే, పొండి!" అని కసిరాడు.

ఊరేగింపునాడు మంత్రి కొత్త బండెక్కాడు. పోతూ ఎడమకి జారాడు. దారి ఏటవాలు కాబోలనుకున్నాడు. అదే దారిన తిరిగొస్తూ మళ్లీ ఎడమకే జారాడు! బుర్ర తిరిగి, బండి చేసిన సిద్దయ్యని పిలిచాడు.

"ఏమిట్రా ఈ మాయ?"

"ఒక చక్రం తూర్పు మూర, ఒకటి పడమటి మూర బాబయ్యా. రెండూ సరైనవేనని తమరే అన్నారు. తప్పెక్కడుందో నాకూ అంతుబట్టడం లేదు. ఏ చక్రం విప్పమంటారు?"

ఏది విప్పమన్నా తన తీర్పే ఊడుతుంది. మంత్రి రెండు వాడల మూరకర్రలూ తెప్పించాడు.

మర్నాటికి ఊరంతటికీ ఒకటే మూరకర్ర.