మూత తీస్తే చెల్లని వారంటీ

ఏనుగుల అంబారీలూ లాప్‌టాప్‌లూ ఒకే సంతలో అమ్మే రాజ్యం ఒకటుండేది. అక్కడ నెయ్యి అమ్ముకునే గవరమ్మ, తొంభై ఏళ్ల అత్తగారు మరిచిపోకముందే ఆవిడ మంగళహారతులన్నీ రికార్డు చేసుకోవాలని ఆస్థాన వర్తకుడు భద్రయ్య దగ్గరికి వెళ్లింది.

"పదహారు జీబీ లాప్‌టాప్ తీసుకో. మీ అత్త పాటలేం ఖర్మ, తిట్లు కూడా పడతాయి."

"వారంటీ ఉందా బాబుగారూ?"

"మూడేళ్లు! మూత తెరిస్తే మాత్రం చెల్లదు. షరతు షరతే."

మర్నాడు భద్రయ్య ఇంట రాజుగారికి విందు. లాప్‌టాప్‌కి బదులుగా ఆ విందుకి కుండెడు నెయ్యి ఇస్తానని ఒప్పుకుంది.

మర్నాడు రాజుగారు విస్తరి ముందు కూర్చున్నారు. నెయ్యి పడందే ముద్ద కలపరు కదా! భద్రయ్య గవరమ్మ తెచ్చిన కుండ మీద చెయ్యి వేశాడు.

"ఆగండి బాబుగారూ. ఇది మంచి నెయ్యని మూడేళ్లు పూచీ నాది. మూత తీస్తే మాత్రం చెల్లదు."

పూచీ లేని నెయ్యి రాజుగారికి వడ్డిస్తే తల దక్కదు. భద్రయ్య కుండ మీంచి చెయ్యి తీసేశాడు. "మూత తీయకుండా ఎలా వడ్డించనే?"

"మూత తీయకుండా పాటలెలా ఎక్కించను బాబూ?"

ఆకలి మీదున్న రాజుగారు అక్కడికక్కడే ఆ లాప్‌టాప్ షరతు కొట్టేయించారు. గవరమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుని తన చేత్తోనే కుండ మూత తీసింది.

సాయంత్రం లాప్‌టాప్‌కి బొట్టు పెట్టి, అత్తగారి ముందు తెరిచింది. అందులోకి మొదట ఎక్కింది మాత్రం హారతి కాదు.

"ఈ రేకు పెట్టెకి కుండెడు నెయ్యి ధారపోశావుటే!"