మూడు విందులు దాటిన రాకుమారుడు

మీ తాతకు తాత, ఆ తాతకు తాత పుట్టక ముందు తేనెకొండ రాజ్యంలో ఒక రాజుగారుండేవారు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణసేనుడు కత్తి తిప్పితే గాలి రెండు ముక్కలయ్యేది. రెండోవాడు వీరసేనుడు బాణం వేస్తే ఆకాశంలో చుక్క ఉలిక్కిపడేది. మూడోవాడు కుసుమసేనుడు విస్తరి ముందు కూర్చుంటే విస్తరాకు ఒక్కటే మిగిలేది!

అలాగని అతను తిండిపోతు అనుకునేరు, కాదు. మొహమాటస్తుడు. ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. పంక్తిలో కూర్చున్నవాడి విస్తరి ఖాళీగా కనబడితే వడ్డించేవాళ్ళు ఊరుకోకూడదు. అతనికి ఇంకా ఆకలిగా ఉందని లెక్క. కుసుమసేనుడికి నాయనమ్మ ఇంకో ఆచారం నేర్పింది. విస్తరిలో మెతుకు మిగల్చకూడదు. అన్నపూర్ణమ్మకు కోపం వస్తుంది. ఈ రెండు ఆచారాలూ ఎదురెదురు పడితే ఏమవుతుంది? అతను ఖాళీ చేస్తాడు, వాళ్ళు నింపుతారు. వాళ్ళు నింపుతారు, అతను ఖాళీ చేస్తాడు. పొద్దు వాలేదాకా ఇదే వరస.

పైగా అతన్ని చూసి ఊళ్ళోవాళ్ళు మురిసిపోయేవారు. ప్రతి పుట్టినరోజుకూ రాజుగారు కొడుకుల్ని బెల్లంతో తూచి, ఆ బెల్లం ఊరందరికీ పంచేవారు. "మా చిన్నదొర చల్లగా ఉండాలి, ఇంకా ఒళ్ళు చెయ్యాలి" అని ముసలివాళ్ళు నోరారా దీవించేవారు.

ఇలా ఉండగా ఒక చెడ్డ వార్త వచ్చింది. ఏడు సముద్రాల అవతల దీవిలో వక్రజిహ్వుడనే మాంత్రికుడు మధూలిక అనే రాజకుమారిని ఎత్తుకుపోయి దాచాడట. ఆమెను విడిపించడానికి రణసేనుడు బయల్దేరాడు. వీరసేనుడూ వెంట వెళ్ళాడు. ఇద్దరూ తిరిగి రాలేదు. వాళ్ళిద్దర్నీ వీపు మీద మోసుకుపోయిన గండభేరుండ పక్షి శ్రావణమాసం చివర ఒక్కతే వచ్చి కోటగోడ మీద వాలింది.

"మా అన్నలేరీ?" అని పరుగెత్తుకొచ్చాడు కుసుమసేనుడు. నాలుగు మెట్లెక్కేసరికే రొప్పుతున్నాడు.

"ఏం చెప్పను నాయనా! మాంత్రికుడు విందుకు పిలిచాడు, వాళ్ళు లోపలికి వెళ్ళారు. కాసేపటికి రెండు రుబ్బురోళ్ళు బయటికి దొర్లుకుంటూ వచ్చాయి. వాటికి మీ అన్నల మీసాలున్నాయి. వచ్చే కార్తీక పున్నమిలోగా ఎవరైనా విడిపిస్తే సరి. ఆ పున్నమి దాటితే వాళ్ళిక మనుషులు కారు."

"అయితే ఇంకా చూస్తావేం? పద, నేనొస్తున్నా!"

పక్షి వద్దన్నా వినకుండా అతను వీపెక్కాడు. పక్షి రెక్కలు విదిల్చింది, ఆయాసపడింది, కోటగోడ దాకా లేచింది. అక్కడినుంచి ఇద్దరూ కలిసి గడ్డివాములో పడ్డారు.

"బాబూ," అంది పక్షి ముక్కులోంచి గడ్డి దులుపుకుంటూ, "నిన్ను మోస్తే రెండో సముద్రంలో ఇద్దరం మునుగుతాం. కార్తీక పున్నమి ముందురోజు అటువైపు గాలి తిరుగుతుంది. అప్పుడొస్తా. ఈలోగా తేలికపడు."

కుసుమసేనుడు వేళ్ళ మీద లెక్క చూసుకున్నాడు. గుండె గుభేలుమంది. ఎందుకంటారా? పున్నమిలోగా మూడు పండుగలున్నాయి మరి! వినాయక చవితి, దసరా, దీపావళి. ఏడు సముద్రాలు పక్షి దాటిస్తుంది. ఈ మూడు విందులు ఎవరు దాటిస్తారు?

వినాయక చవితి వచ్చింది. కుసుమసేనుడు అదే తెలివి అనుకుని ముందురోజు నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. విందుకు వచ్చేసరికి కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. ఉండ్రాళ్ళు కనబడ్డాయి. అంతే! ఉండ్రాళ్ళు ఏవీ? లేవు. కుడుములు ఏవీ? లేవు. పులిహోర గుండిగ ఏదీ? బోర్లించి ఉంది. వినాయకుడి బొమ్మ తన చేతిలోని కుడుమును కాస్త వెనక్కి లాక్కున్నట్టు అనిపించింది.

సిగ్గుతో గోశాలలోకి పోయి కూర్చున్నాడు. అక్కడ గౌరి అనే ముసలి ఆవు నెమరు వేస్తోంది.

"ఏం రాకుమారా, మొహం అలా వేలాడేశావు?"

"నిన్నంతా కడుపు మాడ్చుకున్నాను గౌరీ. ఇవాళ రెండింతలు తిన్నాను."

ఆవు ఫక్కున నవ్వింది. "నన్ను రెండు పూటలు మేత లేకుండా కట్టేసి చూడు. మూడోపూట పలుపు తెంచుకుని మీ అమ్మగారి పూలతోట మిగల్చను. ఆకలీ నాలాంటిదే. వేళకింత వేస్తే కట్టుగొయ్య దగ్గరే ఉంటుంది. ఇంకోమాట. నేను ఒకసారి తిన్నదాన్నే మళ్ళీ మళ్ళీ నములుతాను. నువ్వు ఒక్కసారైనా నములుతావా?"

ఆ మాట రాకుమారుడికి తగలాల్సిన చోట తగిలింది. మర్నాటి నుంచి వేళకు జొన్నరొట్టె, తోటకూర, చిక్కటి మజ్జిగ. పొద్దున్నే ఆవులతో కొండ దాకా నడక. మొదట్లో ఆవులే ఆగి అతని కోసం చూసేవి. పోనుపోను అతనే ఆగి ఆవుల కోసం చూడసాగాడు. నడుముకు కట్టుకున్న దట్టీ వదులైంది.

"అయ్యో, చిన్నదొర చిక్కిపోతున్నారు! మా బెల్లం గతేంటి?" అని వీధి అరుగుల మీద ఒకటే బెంగ.

దసరా వచ్చింది. ఈసారి కుసుమసేనుడు ఇంకో తెలివి చూపించాడు. విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టి, "నాకేం వద్దు" అని భీష్మించుకు కూర్చున్నాడు.

నాయనమ్మ గారెల పళ్ళెం పట్టుకుని వచ్చింది. "ఒక్క గారెరా."

"వద్దు నాయనమ్మా."

"సగం గారె?"

"వద్దన్నానా!"

నాయనమ్మ పళ్ళెం కింద పెట్టేసింది. "అవునులే. మీ తాత పోయినప్పుడే నా చేతి వంటా పోయింది. ఇద్దరు మనవలు రోళ్ళయిపోయారు, మూడోవాడికి నేను లోకువైపోయాను. నాకూ వద్దు ఈ తిండి!" అని స్తంభానికి చేరబడి కొంగు మొహాన కప్పుకుంది. పెద్దావిడ తినకపోతే పంక్తిలో ఎవరు ముద్ద ఎత్తుతారు? నాలుగు పంక్తుల జనమూ చేతులు ముడుచుకుని అతనికేసే చూశారు.

అతని ప్రాణం ఉసూరుమంది. నాయనమ్మ కోసం ఒక్క గారె తిన్నాడు. తిన్నాక ఏమనుకున్నాడో తెలుసా? ఎలాగూ నోము చెడిపోయింది, వ్రతం చెడ్డా ఫలం దక్కాలి కదా అనుకున్నాడు! ఆ ఫలం కోసం గారెల తర్వాత బూరెలు, బూరెల తర్వాత చక్కెర పొంగలి, దాని తర్వాత లడ్డూలు.

లేచి పెరట్లోకి వచ్చి, "నా వల్ల కాదు. అన్నలూ, నన్ను క్షమించండి" అని ఏడ్చాడు.

"కాస్త పక్కకు జరిగి ఏడు బాబూ, నా దారికి అడ్డంగా ఉన్నావు" అని సన్నటి గొంతు వినబడింది. చూస్తే చీమ! కిందపడ్డ లడ్డూలోంచి ఒక పలుకు తీసుకుని గోడ ఎక్కుతోంది. సగం ఎక్కింది, జర్రున జారింది. మళ్ళీ ఎక్కుతోంది.

"అంత లడ్డూ ఉండగా ఒక్క పలుకేనా?" అన్నాడు రాకుమారుడు ముక్కు తుడుచుకుంటూ.

"లడ్డూను చూసి నీలా పారిపోనూ లేదు, నీలా మీదపడనూ లేదు. నాకు కావలసినంత తీసుకున్నా, దాన్ని మోస్తూ తిరుగుతున్నా. వడ్డించేవాళ్ళను ఎప్పుడైనా చూశావా? విందంతా వాళ్ళ చేతుల్లోనే ఉంటుంది, కాళ్ళు మాత్రం ఆగవు."

"మరి జారావుగా?"

"జారితే? కాళ్ళు విరిచేసుకోమంటావా? ఎక్కడ పడ్డానో అక్కడినుంచే ఎక్కుతాను" అని చీమ గోడ దాటి వెళ్ళిపోయింది.

కుసుమసేనుడు కళ్ళు తుడుచుకున్నాడు. మర్నాడు మళ్ళీ వేళకు జొన్నరొట్టె, మళ్ళీ ఆవులతో కొండ.

దీపావళి వచ్చింది. ఈసారి రాకుమారుడు పొద్దున్నే కడుపులో ఇంత సంకటి వేసుకుని, నడుముకు తువ్వాలు బిగించి, గరిటె చేతబట్టాడు! "నాయనమ్మా, ఇవాళ నువ్వు కూర్చో. వడ్డన నాది."

ఆ పంక్తి నుంచి ఈ పంక్తికి, ఈ పంక్తి నుంచి వంటశాలకు ఒకటే తిరుగుడు. "తాతా, పప్పులో నెయ్యి?" "అత్తా, అప్పడం విరిగింది, ఇంకోటి వేసుకో." నాయనమ్మ మురిసిపోతూ తింది.

వడ్డించినవాళ్ళ పంక్తి ఆఖరిది. అందులో అతనూ కూర్చున్నాడు. అన్నీ కొంచెం కొంచెం వేయించుకున్నాడు. గౌరి నమిలినట్టు నమిలాడు. గారెలు వచ్చినప్పుడు ఒక్కటి పుచ్చుకుని విస్తరి మధ్యలో పెట్టి, దాన్ని ముట్టకుండా మిగతావి తిన్నాడు. వడ్డించే అత్త ఒంగి చూసింది. విస్తరి ఖాళీగా లేదు, గారె కూర్చుని ఉంది. ముందుకు పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ గారె ఉంది. మళ్ళీ పోయింది. కోటకు కావలివాడిలా ఆ గారె ఎందరు వడ్డనవాళ్ళను తిప్పి పంపిందో! అందరూ లేచే వేళకు కుసుమసేనుడు ఆ కావలి గారెను నోట్లో వేసుకుని తానూ లేచాడు. వాళ్ళ ఆచారమూ నిలిచింది, నాయనమ్మ మాటా నిలిచింది.

"కడుపు నిండిందా నాన్నా?" అంది నాయనమ్మ.

"నిండింది నాయనమ్మా." పుట్టి బుద్ధెరిగాక కడుపు నిండటం అంటే ఏమిటో అతనికి అప్పుడే తెలిసింది. ఇన్నాళ్ళూ ఆ గుర్తు దాటిపోయాకే ఆగేవాడు.

పున్నమి ముందురోజు గాలి తిరిగింది. గండభేరుండం వచ్చింది. అతను వీపెక్కాడు. పక్షి రెక్కలు విదిల్చింది, కోటగోడ దాటింది, కొండ దాటింది. ఒక సముద్రం, రెండు సముద్రాలు, మూడు సముద్రాలు... ఏడో సముద్రం మీద పక్షి వెనక్కి తిరిగి, "ఉన్నావా బాబూ, ఎక్కడైనా జారిపోయావా?" అని అడిగింది! కుసుమసేనుడు ఆకాశం అదిరేలా నవ్వాడు.

దీవి నిండా రుబ్బురోళ్ళు. రెంటికి మీసాలున్నాయి. వాటిని కౌగిలించుకుని అతను మాంత్రికుడి భవనంలోకి నడిచాడు.

"రండి రండి! మా ఇంట ఎంగిలిపడకుండా ఎవరూ పోకూడదు" అన్నాడు వక్రజిహ్వుడు, వంకర నాలుక ఆడిస్తూ. పీట వేశాడు. బంగారు విస్తరి వేశాడు. చెరలో ఉన్న మధూలిక చేతనే వండించి, ఆమె చేతనే వడ్డింపజేశాడు. ఆమె నెయ్యి వేస్తూ వంగి గుసగుసగా చెప్పింది. "ఈ పీట మీద కూర్చుని కడుపు నిండాక ఒక్క ముద్ద ఎక్కువ తిన్నవాడు రోలైపోతాడు. విస్తరి ఖాళీ చెయ్యకుండా లేచినా రోలైపోతాడు. ఖాళీ చేస్తే ఈ దుర్మార్గుడు మళ్ళీ నింపిస్తాడు. మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంది. వెనక బండరాతి సందులో పంజరం. ఆ సందులో నేను పట్టను, సన్నటివాళ్ళే పడతారు."

కుసుమసేనుడు కన్నుగీటి, విస్తరి మధ్యలో ఒక గారె పెట్టుకున్నాడు.

అతను నములుతున్నాడు. మాంత్రికుడు కాచుకున్నాడు. అతను నములుతున్నాడు. మాంత్రికుడు గోళ్ళు కొరుక్కున్నాడు. విస్తరి చూస్తే ఖాళీ లేదు, వడ్డించమనడానికి వీల్లేదు. ఆఖరికి మాంత్రికుడు ఆవలించాడు. ఆ ఆవలింతలో కళ్ళు మూతబడ్డ క్షణంలో రాకుమారుడు గారె నోట్లో వేసుకుని లేచి నిలబడ్డాడు!

మధూలిక చేతిలో గరిటె జారిపోయింది. "నా వంట తిని మనిషిలా లేచినవాడు ఇన్నాళ్ళకు ఒక్కడు!"

మాంత్రికుడు పళ్ళు కొరికాడు. రాకుమారుడు మాత్రం చేతులు కడుక్కుని గరిటె అందుకున్నాడు. "వక్రజిహ్వా, నీకు ఎవరైనా ఎప్పుడైనా కొసరి కొసరి వడ్డించారా?"

మాంత్రికుడు తెల్లబోయాడు. ఎవరు వడ్డిస్తారు? ఇంతమందికి పెట్టాడు గానీ, "ఇంకొంచెం తిను" అని అతన్ని అడిగిన నోరు లేదు.

"చిక్కిపోయావయ్యా పాపం, బుగ్గలు పీక్కుపోయాయి. కూర్చో, ఒక్క బూరె."

"నేనా... ఒక్కటే సుమా" అని మాంత్రికుడు కూర్చున్నాడు. ఏ పీట మీద? కంగారులో తను వేసిన పీట మీదే!

"ఒంటి బూరె పెట్టకూడదు, ఇంకోటి. నెయ్యి లేకుండా ఏం బాగుంటుంది, ఇదిగో. ఇది రాకుమారి పేరు మీద. ఇది మా అన్నల పేరు మీద. అదేమిటి, నేను వేస్తే వద్దంటావా, నేనంత కానివాణ్ణా?"

మాంత్రికుడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిన్నాడు, తిన్నాడు, కడుపు నిండినా తిన్నాడు. ఇంకొక్క ముద్ద మింగాడు. టంగుమని చప్పుడు! కాళ్ళు రాయి, నడుము రాయి. పొట్ట గుంట పడి రోలైంది. తల ఒక్కటి మిగిలి, "మోసం! నా ప్రాణం చిలకలో ఉంది, మళ్ళీ లేస్తాను!" అని అరుస్తోంది.

ఆ తల అరుస్తుండగానే కుసుమసేనుడు బండసందు దగ్గరికి పరుగెత్తాడు. పక్కకు తిరిగాడు, ఊపిరి బిగబట్టాడు, పాములా జారిపోయాడు. లోపల పంజరంలో పచ్చటి చిలక వణుకుతోంది.

"రాకుమారా, నా మెడ నులమకు. వాడు తన ప్రాణాన్ని నాలో దాచాడు గానీ, నేను అడిగానా? ఆకాశంలోకి ఎగిరితే ఆ ప్రాణాన్ని అక్కడే విదిలించేస్తాను. తలుపు తియ్యి చాలు."

అతను తలుపు తీశాడు. చిలక రివ్వున ఎగిరింది. ఎంత ఎత్తుకు పోతే మాంత్రికుడి అరుపు అంత సన్నబడింది. చిలక మబ్బుల్లో కలిసేసరికి అరుపు ఆగిపోయింది.

దీవి మీది రోళ్ళన్నీ ఒక్కసారి ఒళ్ళు విరుచుకున్నాయి. రోలుకొక మనిషి లేచాడు. రణసేనుడు మీసం తడుముకుంటూ వచ్చి, ఎదుట ఉన్నవాణ్ణి పైకీ కిందికీ చూశాడు. "అయ్యా, తమరెవరు? మా తమ్ముడి కళ్ళు తెచ్చుకున్నారు!"

"తమ్ముణ్ణేరా అన్నయ్యా!"

ముగ్గురూ ఒకరి మెడ మీద ఒకరు పడి ఏడ్చారు, నవ్వారు. అందర్నీ ఎక్కించుకుని రేవులోని మాంత్రికుడి ఓడలు తెరచాపలెత్తాయి. పైన గండభేరుండం గొడుగులా నీడపట్టింది. తేనెకొండ చేరాక అన్నలిద్దరూ రాజుగారి ముందు నిలబడి, "కత్తి పనికిరాని చోట మేము ఓడిపోయాం, తమ్ముడు గెలిచి వచ్చాడు. సింహాసనం వాడిదే" అన్నారు.

మధూలికకూ కుసుమసేనుడికీ పెళ్ళి నిశ్చయమైంది. వంట ఎవరిదని పెద్దలు తర్జనభర్జన పడుతుంటే, "దీవిలో బోలెడు వండాను. నా పెళ్ళికి మాత్రం గరిటె ముట్టను!" అంది మధూలిక. ఆమె మొదటి పంక్తిలో, అందరికంటే ముందు విస్తరి ముందు కూర్చుంది. కొత్తరాజు కుసుమసేనుడు స్వయంగా వడ్డించాడు. ఇన్నాళ్ళూ పరులకే వండి వడ్డించిన పిల్ల, ఆవకాయ కలిపిన ముద్ద నోట పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ఇంకొంచెం వెయ్యనా?" అన్నాడు అతను.

ఆమె ఒక్క కన్ను తెరిచి, "అడగాలా? వెయ్యి!" అంది.

వాళ్ళిద్దరూ నిండు నూరేళ్ళు ఆ రాజ్యాన్ని ఏలారు. వాళ్ళ ఏలుబడిలో వానలు వేళకు కురిశాయి, పిల్లలు వేళకు నిద్రపోయారు. కళ్ళు మూసుకుంటే మీకూ ఆ రాజ్యం కనబడుతుంది, పడుకోండిక.